తంగెళ్లదిన్నెకు రక్తం పట్టిన విధం

తంగెళ్లదిన్నె మండలంలో ఆడవాళ్ళకి రక్తహీనత పోయింది. మందులతో పోలేదు. తిండితో పోలేదు. పడమటి కిటికీ వల్ల పోయింది.

అక్కడి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నర్సు ఎలీసమ్మ కూర్చునే బల్ల వెనక ఒక రంగుల కార్డు మేకుకి వేలాడుతూ ఉండేది. దాని మీద నాలుగు గళ్ళు. మొదటి గడి దానిమ్మ గింజంత ఎరుపు. కింద 'పుష్టి' అని రాసి ఉంటుంది. రెండోది కాస్త తగ్గిన ఎరుపు, మూడోది గులాబి, నాలుగోది బియ్యం కడిగిన నీళ్ళ రంగు. దాని కింద 'తీవ్ర రక్తహీనత'. వచ్చిన ఆడమనిషి కింది కనురెప్పని వేలితో లాగి, లోపలి రంగు ఏ గడికి సరిపోతుందో చూసి రాసుకోవాలి. ప్రభుత్వం ఆలోచించి చేసిన ఏర్పాటే. కరెంటు అక్కర్లేదు, సూది అక్కర్లేదు, అవతలి మనిషి నోరు విప్పనక్కర్లేదు. ఈ చివరిది డాక్టరు పృథ్వీధర్ గారికి బాగా నచ్చింది.

కిటికీకి ఒకప్పుడు తెర ఉండేది. ఒక రిపబ్లిక్ దినోత్సవం నాడు జెండా కట్టడానికి తాడు చాలక తెర తాడు పీకి తీసుకెళ్ళారు. తెర మళ్ళీ పైకెక్కలేదు. రోజూ మధ్యాహ్నం ఎండ సూటిగా కార్డు మీద పడేది. ఒక వేసవి గడిచేసరికి దానిమ్మ ఎరుపు గులాబి అయింది. మరో వేసవికి మొదటి గడి బియ్యం కడిగిన నీళ్ళలోకి దిగింది. మిగతా మూడు గళ్ళు ఎక్కడున్నాయో గీతల్ని బట్టి తెలుసుకోవలసిందే.

మండలంలో ఆడవాళ్ళ కనురెప్పలు మాత్రం మొదట్నించీ ఆ రంగులోనే ఉన్నాయి. వాళ్ళు కదల్లేదు. కార్డే వాళ్ళ దగ్గరికి వచ్చింది. ఆ వేసవి చివర అందరూ 'పుష్టి' గడిలో పడ్డారు.

నాంచారమ్మ కూడా పడింది. ఆస్పత్రి మెట్లెక్కి, పై మెట్టు మీద కూలబడి, ఊపిరి అందాక లోపలికి పోయే మనిషి నాంచారమ్మ. ఊరి చివర కోల్డ్ స్టోరేజీలో మిరపకాయలకి తొడిమలు తీసే పని. రెండేళ్ళుగా ఆమెకి నెలసరి వస్తే ఆగదు. సిటీలో పెద్దాస్పత్రికి వెళితే స్కానింగు తీసి, గర్భసంచిలో గడ్డలున్నాయి, తీసేయాలన్నారు. తీస్తామనలేదు.

"ఈ రక్తంతో మత్తిస్తే బల్ల మీదే పోతావమ్మా. స్రావం తగ్గడానికి మాత్రలిస్తున్నాను. ముందు రక్తం పెంచుకుని రా," అన్నది అక్కడి డాక్టరమ్మ. "మీ ఊరి ఆస్పత్రిలో ఐరన్ ఇంజక్షన్లు ఉంటాయి. సెలైన్లో కలిపి ఎక్కిస్తారు. ఊరికే ఇస్తారు."

ఇంజక్షన్లు ఉన్నమాట నిజమే. పృథ్వీధర్ గారి కుర్చీ వెనక అద్దాల బీరువాలో, కాఫీ డికాషన్ రంగు మందు నింపిన చిన్న గాజు బుడ్లు వరసలుగా నిలబెట్టి ఉన్నాయి. బీరువాకి తాళం. నాంచారమ్మ డాక్టరు ఎదుట కూర్చున్నప్పుడల్లా ఆయన భుజం మీదుగా అవి కనపడేవి. ఆమె ప్రాణం ఆయన వీపు వెనక ఉంది. ఆయన వెనక్కి తిరిగేవాడు కాదు.

"ఏంటమ్మా?"

"ఆయాసం సారూ. కళ్ళు తిరుగుతన్నయ్యి. నెల వచ్చిందంటే..."

"ఆ విషయాలు నర్సుకి చెప్పు."

"నర్సమ్మకి చెప్పా. ఆమె మీకు చెప్పమంది."

పృథ్వీధర్ గారు ఫోన్లోంచి తల ఎత్తకుండా కార్డు వైపు చెయ్యి చూపారు. "పుష్టి అని వచ్చింది కదా. నిద్ర పడుతుందా?"

"పడుకుంటే గుండె దడదడమంటది."

"టెన్షన్." ఆయన నాంచారమ్మని వదిలేసి, పక్కన నిలబడ్డ ఆమె మొగుడు తిరపతయ్యతో చెప్పారు. "మీ ఆవిడ ఎక్కువ ఆలోచిస్తుందయ్యా. ఆడవాళ్ళకి ఇది మామూలే. బెల్లం తినమను. కరివేపాకు ఏరి పారెయ్యకుండా తినమను. కాస్త నవ్వుతూ ఉండమను."

"బెల్లం తినీ తినీ మంచం కోళ్ళకి చీమలు పడతన్నయ్యి సారూ," అన్నది నాంచారమ్మ. "ఎనకమాల బీరువాలో ఆ మందు..."

"అది రక్తహీనత ఉన్నవాళ్ళకి."

"అవునండి," అన్నాడు తిరపతయ్య. కుర్చీలో కూర్చున్న వాళ్ళతో అతను ఇంకో మాట అని ఎరగడు.

బయటికి వచ్చాక మెట్ల మీద కూర్చుని నాంచారమ్మ అడిగింది. "నేనేం ఆలోచిస్తన్నానో ఆయనకేం తెలుసు?"

"ఏం ఆలోచిస్తన్నావు?"

"నువ్వు ఒక్కసారి కాదండి అంటే ఎట్టుంటదా అని."

రొంటిలోంచి బలపం ముక్క తీసి కొరికింది. ఈ అలవాటు ఆమె ఒక్కదానిది కాదు. కోల్డ్ స్టోరేజీలో తొడిమలు తీసే ఆడవాళ్ళందరి రొంటిలో బలపమో, పచ్చి బియ్యమో ఉండేది. ఒంట్లో ఇనుము తగ్గినప్పుడు నోరు అట్లాంటివి అడుగుతుంది. పిల్లలకి పలకలు పోయి ఎన్నాళ్ళో అయినా ఊళ్ళో చిల్లర కొట్లకి బలపాలు పెట్టెలకి పెట్టెలు దిగేవి. ఈ సంగతి వయోజన విద్యాశాఖ వారి చెవిన పడింది. మండలంలో మహిళల్లో అక్షర కాంక్ష ఉప్పొంగుతున్నదని వాళ్ళు పైకి రాశారు. ఒకాయన కారులో వచ్చి నాంచారమ్మకి పలక బహుమతిగా ఇచ్చి ఫోటో తీయించుకున్నాడు. ఆమె పలకని మజ్జిగ కుండ మీద మూతగా పెట్టుకుంది.

రక్తహీనత సున్నా అని కాగితం జిల్లాకి చేరేసరికి, అక్కణ్ణించి రక్తపుష్టి ఉద్యమ ప్రత్యేకాధికారి కృపానిధి గారు దిగారు. ఆయన మనిషి సన్నం, మాట లావు. వచ్చిన రోజునే సభ పెట్టి ఇట్లా సెలవిచ్చారు.

"ఇది యాదృచ్ఛికం కాదు. క్షేత్రస్థాయి నిబద్ధతకూ, పరిపాలనా సంకల్పానికీ ఫలితం. నేటి నుండి తంగెళ్లదిన్నెను సంపూర్ణ రక్తపుష్టి మండలంగా ప్రకటిస్తున్నాను. ఇక మీదట ఈ మండల పరిధిలో రక్తహీనత ఉండదు."

ఉండకూడదు అనలేదు. ఉండదు అన్నారు. డాక్టరు పృథ్వీధర్ గారు ముందు వరసలో తల ఊపారు. ఆడవాళ్ళు చప్పట్లు కొట్టారు. ఇద్దరు చప్పట్లు కొడుతూనే కూలబడ్డారు. లేచి కొట్టమంటే ఒకామె లేచి పడిపోయింది. ఆనందబాష్పాల వల్ల అని కృపానిధి గారు మైకులో చెప్పారు.

మెయిన్ రోడ్డు మీద, మండలం మొదలయ్యే చోట పెద్ద ఆర్చి లేచింది. దాని మీద 'సంపూర్ణ రక్తపుష్టి మండలానికి స్వాగతం' అని, కింద చిన్నగా 'మనందరిదీ ఒకే రక్తం' అని బోర్డులు రాసే సాంబయ్య రాశాడు. సాంబయ్య పెళ్ళాం తులశమ్మ, నాంచారమ్మ పక్కన కూర్చుని తొడిమలు తీసే మనిషి. ఆర్చి రాసిన సాయంత్రం ఆమె మొగుడి చేతులు కిరసనాయిలుతో కడుగుతూ అన్నదట: "మండలం మొత్తమ్మీద ఇంత ఎరుపు నీ చేతులకే ఉందయ్యా."

చిక్కు యంత్రంతో వచ్చింది. వేలికి సూది గుచ్చి రక్తం ఎంతుందో అంకెలో చెప్పే చిన్న యంత్రం ఒకటి ఎలీసమ్మ సొరుగులో ఉంది. నాంచారమ్మ మెట్ల మీద పడిన రోజున ఎలీసమ్మ ఉండబట్టలేక దాన్ని బయటికి తీసింది. యంత్రం ఆరు అన్నది. పన్నెండు ఉండాలి. కార్డు పుష్టి అన్నది.

ఒక ఆస్పత్రిలో రెండు అభిప్రాయాలు ఉండటానికి వీల్లేదు గనక విచారణ సంఘం వేశారు. కృపానిధి గారు అధ్యక్షులు, పృథ్వీధర్ గారు సభ్యులు, యంత్రం విషయం కాబట్టి రోడ్లు భవనాల శాఖ నుంచి ఒక ఇంజినీరు. నాంచారమ్మని సాక్ష్యంగా బెంచీ మీద కూర్చోబెట్టారు, ప్రశ్నలు మాత్రం అడగలేదు.

"కార్డులో కదిలే భాగాలు లేవు," అన్నాడు ఇంజినీరు. "చెడిపోయే అవకాశం లేదు. యంత్రం అట్లా కాదు."

"యంత్రాన్ని ఎక్కడ ఉంచుతున్నారు?" అడిగారు కృపానిధి గారు.

"సొరుగులో సార్."

"అంటే చీకట్లో. గాలి, వెలుతురు లేకుండా. అది బలహీనపడక ఏమవుతుంది?"

యంత్రాన్ని విశ్రాంతికి జిల్లా గోడౌనుకి పంపారు.

ఎలీసమ్మ అంతటితో ఊరుకోలేదు. కార్డుని మేకు నించి తీసి, దాన్ని పట్టుకుని ఉన్న ఇనప క్లిప్పు విప్పి బల్ల మీద పెట్టింది. క్లిప్పు కింద, ఎండ తగలని చోట, వేలెడంత దానిమ్మ ఎరుపు అట్లాగే ఉంది.

"మొదటి గడి మొత్తం ఈ రంగే సార్. ఎండకి వెలిసిపోయింది."

కృపానిధి గారు కళ్ళజోడు పెట్టుకుని ఆ ముక్కని చాలాసేపు పరిశీలించారు. నాంచారమ్మ బీరువా వంక చూసింది.

"ఇది చాలా విలువైన పరిశీలన," అన్నారు ఆయన. "క్లిప్పు అడ్డం రావటం వల్ల ఈ భాగం అభివృద్ధి చెందలేదు. వెంటనే క్లిప్పు మార్చండి."

దాని తర్వాత నెలలో పక్క జిల్లాల నించి అధికారులు బస్సుల్లో వచ్చి కార్డునీ, మేకునీ, కిటికీనీ చూసి వెళ్ళారు. దీనికి 'సౌర పద్ధతి' అని పేరు పెట్టారు. తూర్పు కిటికీ అయినా పనికొస్తుందా అని ఒకరు అడిగితే, పనికొస్తుంది గాని ఫలితాలు నిదానంగా వస్తాయని కృపానిధి గారు చెప్పారు.

ఇంక మిగిలింది పడిపోయేవాళ్ళ సంగతి. కార్డు ఏమన్నా సరే, మనుషులు పడిపోతున్నారు. అందుకూ ఆయన ఉత్తర్వు వేశారు. మండల పరిధిలో రక్తహీనత కేసు నమోదు కారాదు. స్పృహ తప్పిన మహిళలను సత్వరమే మండల సరిహద్దు దాటించి, అక్కడి నుండి అంబులెన్సులో తరలించాలి. అంబులెన్సు ఆర్చికి అవతల నిలబడి ఉంటుంది. ఇవతలికి రాదు.

తులశమ్మ మిరపకాయల కుప్ప మీదికే ఒరిగింది. నిద్రపోయిందనుకున్నారు. నాంచారమ్మ తట్టి చూసి, కనురెప్ప లాగి చూసింది. కార్డంత తెల్లగా ఉంది. నలుగురూ కలిసి మిరపకాయల బస్తాలు తోసే బండి మీద ఆమెని పడుకోబెట్టి రోడ్డున పడి తోశారు. నాంచారమ్మకి తోసే శక్తి లేదు. బండి పట్టుకుని నడిచింది, బండే ఆమెని లాక్కుపోయింది. ఎదురుగా ఆర్చి కనపడుతూనే ఉంది. దాని కింద నించి చూస్తే అవతల అంబులెన్సు, తలుపులు తీసుకుని, సిద్ధంగా ఉంది. డ్రైవరు బీడీ పారేసి నిలబడ్డాడు. ఒక్క అడుగు ఇవతలికి వేయలేదు. ఉత్తర్వు అట్లాంటిది.

తులశమ్మ ఆర్చి దాటాక పోయింది. కాబట్టి పక్క మండలంలో పోయింది.

కృపానిధి గారు పక్క మండలానికి సానుభూతి సందేశం పంపారు.

సాంబయ్య రోజూ పొద్దున్నే వెళ్ళి ఆర్చి స్తంభం పక్కన కూర్చునేవాడు. తను రాసిన అక్షరాలు చూసుకుంటున్నాడని కొత్తవాళ్ళు అనుకునేవాళ్ళు.

ఆ తర్వాత నాంచారమ్మ ఆస్పత్రికి పోవటం మానేసింది. తిరపతయ్య పోదామంటే, "ఎందుకు, నాకేం లేదుగా," అనేది. అతనికి ఆ మాటకి భయం వేసింది గాని, ఎవరితో అవునండి అనాలో తెలియలేదు.

ఆమె ఆలోచిస్తున్నది. డాక్టరు చెప్పిన జబ్బు ఇన్నాళ్ళకి నిజంగా పట్టుకుంది. జబ్బు ఉందంటే మందు ఇవ్వరు. మరి లేదంటేనో?

అవకాశం కృపానిధి గారే తెచ్చి ఇచ్చారు. ఆయన మళ్ళీ సభ పెట్టారు.

"మనది ఇప్పుడు మిగులు మండలం," అన్నారు. "మిగులు ధాన్యాన్ని లోటు జిల్లాలకు పంపడం మన సంప్రదాయం. రక్తం విషయంలో మాత్రం స్వార్థం ఎందుకు? రెండు నెలల్లో మహిళా రక్తదాన మహోత్సవం జరుపుతున్నాం. రాష్ట్రస్థాయి పెద్దలు విచ్చేస్తున్నారు. దాతలందరూ మహిళలే. తొలి దాతగా, కనురెప్ప మొదటి గడికి సంపూర్ణంగా సరిపోయిన శ్రీమతి నాంచారమ్మను ఎంపిక చేశాం."

వెనక ఎవరో ఆడమనిషి నవ్వు ఆపుకోలేక దగ్గింది. "అక్కా, నిన్ను పిండితే మిరపకాయ ఘాటు తప్ప ఏం రాదే," అన్నది చెవిలో.

"ఊరుకోవే. రాణిని చేస్తన్నారు," అన్నది నాంచారమ్మ.

పెద్దల ముందు పొరపాటు జరక్కుండా ముందుగానే ఒక రిహార్సల్ పెట్టారు. దానికి సిటీ రక్తనిధి నించి వహీదా అనే అమ్మాయి వచ్చింది. రక్తం తీసే ముందు పరీక్ష చేయటం ఆమె పని. గాజు గ్లాసులో నీలంగా మెరిసే నీళ్ళు పోసి బల్ల మీద పెట్టింది.

"ఇది మైలుతుత్తం గదా," అన్నది నాంచారమ్మ. "తోటలకి కొట్టేది."

"అదేనమ్మా, మైలుతుత్తం నీళ్ళే. ఇందులో మీ రక్తం చుక్క వేస్తా. బాగుంటే బరువుగా మునుగుతుంది. పలచగా ఉంటే తేలుతుంది."

వేలికి గుచ్చి చుక్క వేసింది. చుక్క నీలం నీళ్ళ పైన గుండ్రంగా నిలబడింది. వంగి చూశారు అందరూ. కదల్లేదు. పండగనాడు కాలవలో వదిలిన దీపంలాగా అట్లాగే తేలుతున్నది. రెండో ఆమెది తేలింది. మూడో ఆమెది తేలింది. గ్లాసు పైభాగం నిండిపోయింది, అడుగు ఖాళీగా ఉంది.

"బాగున్నాయి," అన్నారు కృపానిధి గారు. "అన్నీ ఒకే తీరున, క్రమశిక్షణతో ఉన్నాయి."

"సార్, తేలితే రక్తం తీయం. వీళ్ళకి మనమే ఎక్కించాలి."

"నూనె తేలుతుంది. వెన్న తేలుతుంది. శ్రేష్ఠమైనవన్నీ పైనే ఉంటాయమ్మా."

"మునిగితేనే తీస్తాం సార్."

"పోనీ ఆ నీళ్ళు కొంచెం పలచన చేయండి."

"సీలు వేసిన సీసా సార్. రాష్ట్రం అంతటికీ ఒకటే."

కృపానిధి గారికి చెమట పట్టింది. రాష్ట్రస్థాయి పెద్దల ముందు, మైకులు, కెమెరాల ముందు, మండలం మొత్తం నీలం గ్లాసులో తేలుతూ ఉండటం ఆయన కళ్ళకి కట్టింది. పృథ్వీధర్ గారి వంక చూశారు. పృథ్వీధర్ గారు ఫోను వంక చూసుకున్నారు.

నాంచారమ్మ కుర్చీ పట్టుకుని లేచింది.

"అయ్యా, మాకు రక్తం తక్కువేం లేదు గదా?"

"లేదమ్మా. ప్రకటించాం కదా."

"బీరువాలో ఆ మందు తక్కువున్నోళ్ళకి."

"అవును."

"మండలంలో తక్కువున్నోళ్ళు లేరు."

"ఒక్కరూ లేరు."

"మరి అది ఊరికే పడి ఉంది. ఉత్సవానికని ఆర్చికి మళ్ళీ రంగేయిస్తన్నారు. స్టేజికి పూలదండలు చెప్పారు. గుమ్మాలకి మామిడాకులు కడతన్నారు. పైకెక్కి పడుకునేది మేమైతే, మాకేమో సింగారం లేకపోయె. ఆ కాఫీ రంగుదేదో మాకు కాస్త పట్టించగూడదా? జబ్బుకి గాదు. ఉత్సవానికి."

కృపానిధి గారి ముఖం మీద నెమ్మదిగా వెలుగు వచ్చింది.

"సార్, అది మందు," అన్నారు పృథ్వీధర్ గారు. ఆ రోజు ఆయన మొదటిసారి మాట్లాడారు. "జబ్బు లేనివాళ్ళకి మందు ఎట్లా ఇస్తాం?"

"చికిత్స అని ఎవరన్నారు పృథ్వీధర్ గారూ? ఇది సన్నాహం." ఆయన గుమస్తా వైపు తిరిగారు. "రాసుకోండి. దాతల పూర్వ సన్నద్ధతా ద్రవం. షామియానా, బంతిపూలు, మంచినీళ్ళ ఏర్పాట్ల పద్దులో వేయండి."

బీరువా తాళంచెవి ఎక్కడుందో ఎవరికీ తెలియలేదు. దాని అవసరం ఎప్పుడూ రాలేదు మరి. చివరికి కోల్డ్ స్టోరేజీ నించి సుత్తి తెప్పించి తిరపతయ్య చేత తాళం కొట్టించారు. కొట్టమన్నప్పుడు అవునండి అన్నాడు. అతను ఆ మాట సరైన చోట అనటం నాంచారమ్మ చూసినంతలో అదే మొదలు.

ఉత్సవం దాకా రోజు విడిచి రోజు ఆడవాళ్ళు వంతుల వారీగా వచ్చి మంచాల మీద పడుకుంటే, ఎలీసమ్మ కాఫీ రంగు మందు సెలైన్లో కలిపి ఎక్కించింది. గోడ మీద 'అలంకరణ విభాగం' అని కాగితం అంటించారు. సిటీ డాక్టరమ్మ ఇచ్చిన మాత్రలు నాంచారమ్మ మానకుండా వేసుకుంది. కొన్నాళ్ళకి ఒక పొద్దున ఆస్పత్రి పై మెట్టు మీద ఎప్పటిలాగా కూర్చోబోయి, కూర్చోవలసిన పని లేదని గమనించి, కాస్త సిగ్గుపడి లోపలికి వెళ్ళింది. అయిపోయిన గాజు బుడ్లని ఎలీసమ్మ పారేయకుండా మళ్ళీ బీరువాలో వరసగా నిలబెట్టింది. పృథ్వీధర్ గారు తేడా కనిపెట్టలేదు.

మహోత్సవం వచ్చింది. షామియానా కింద పరుపులు వేసిన మంచాలు, పూలు, మైకు. పెద్దల కార్లు ఇంకో గంటలో వస్తాయన్నారు. వహీదా నీలం గ్లాసు పెట్టి నాంచారమ్మ వేలికి గుచ్చింది. చుక్క పడింది. ఒక్క క్షణం ఆగింది. మెల్లగా, బరువుగా, గింజ దిగినట్టు అడుగుకి దిగింది.

వహీదా తలెత్తి ఆమె ముఖం చూసింది. నవ్వి, 'రక్తం సరిపడా ఉంది' అని చీటీ రాసి సంతకం పెట్టి ముద్ర వేసింది. నాంచారమ్మ చీటీ మడిచి రొంటిలో దోపుకుంది.

పృథ్వీధర్ గారు గ్లాసులోకి వంగి చూసి సంతృప్తిగా తల పంకించారు. "నీకేం లేదని మొదట్నించీ చెబుతూనే ఉన్నాను కదమ్మా. వింటేగా?"

నాంచారమ్మ మంచం మీద కూర్చుంది. వహీదా పక్కనే నిలబడి, రూలు ప్రకారం అడగవలసినవి అడుగుతున్నది. జ్వరం ఏమన్నా ఉందా, మందులు వాడుతున్నారా.

"నెలసరిలో ఉన్నారా? ఉంటే ఇప్పుడు తీయకూడదు."

కృపానిధి గారు అప్పుడే తొలి దాత నోట రెండు మాటలు చెప్పిద్దామని మైకు తెచ్చి ఆమె ముందు పెట్టారు.

"సారూ," అన్నది నాంచారమ్మ. మైకులో ఆమె గొంతు బజారు చివరిదాకా పోయింది. "డాక్టరు సారూ, మిమ్మల్నే. రెండేళ్ళు ఈ ముక్క మీకు చెప్పబోతే నర్సుకి చెప్పమన్నారు. ఇయ్యాల నా రక్తం కావాల్సొచ్చి ఎవరో ఒకరు అడిగారు. ఉన్నానమ్మా వహీదమ్మా. నెలసరిలోనే ఉన్నా."

"నేనూ ఉన్నా," అన్నది పక్క మంచం మీద ఆమె.

"నేనూ."

"మేమూ," అన్నారు వెనక బెంచీల వాళ్ళు.

కృపానిధి గారు మైకుకి చెయ్యి అడ్డం పెట్టారు. "అందరూ ఒకేసారా? ఇది ఎట్లా సాధ్యం?"

"మనందరిదీ ఒకే రక్తమని ఆర్చి మీద మీరే రాయించారుగా అయ్యా," అన్నది నాంచారమ్మ.

"దీన్ని ధ్రువీకరించాలి. పృథ్వీధర్ గారూ, మీరు..."

పృథ్వీధర్ గారు రెండడుగులు వెనక్కి వేశారు. "ఆ విషయాలు నర్సు చూస్తుంది సార్."

ఎలీసమ్మ చీర కొంగు దోపుకుని ఒక్కసారి అందరి వంకా చూసింది. "అందరూ ఉన్నారు సార్," అన్నది.

ఆడవాళ్ళు మంచాలు దిగి పూలు సర్దుకుంటూ వెళ్ళిపోయారు. దూరంగా పెద్దల కార్ల హారన్ వినపడింది. ఇరవై మంచాలు, తెల్ల దుప్పట్లు, ఖాళీ. రక్తం లేకుండా రక్తదాన మహోత్సవం జరగదు. కృపానిధి గారు చుట్టూ చూశారు. కళ్ళు పృథ్వీధర్ గారి మీద ఆగాయి.

"సార్, నేను ఉదయం నుంచి ఏమీ తినలేదు," అన్నారు పృథ్వీధర్ గారు.

"ఎలీసమ్మా, కార్డు."

ఎలీసమ్మ డాక్టరు గారి కనురెప్ప లాగి, బియ్యం కడిగిన నీళ్ళ రంగు కార్డు పక్కన పెట్టి చూసింది. "మొదటి గడి కన్నా బాగా ఎక్కువ సార్. కార్డు చాలట్లేదు."

వహీదా సంచీ నిండేదాకా రక్తం తీసింది. ఆయన తరవాత గుమస్తా, ఇంజినీరు, వయోజన విద్యాశాఖ ఆయన వరసగా పడుకున్నారు. పెద్దలు లోపలికి వస్తుండగా పృథ్వీధర్ గారు లేచి నిలబడబోయి మంచం కోడు పట్టుకున్నారు.

"ఎలీసమ్మా, కళ్ళు తిరుగుతున్నాయి."

నాంచారమ్మ అప్పటికే తన గుడ్డల సంచీ తీసుకుని బయలుదేరబోతున్నది. ఆగింది.

"టెన్షన్ సారూ," అన్నది. "మీరు ఎక్కువ ఆలోచిస్తన్నారు. ఇంటికి పోయి కరివేపాకు తినండి."

సిటీ బస్సు ఆర్చి దగ్గర ఆగుతుంది. తిరపతయ్య సంచీ మోస్తూ వెనక వస్తుంటే ఆమె రోడ్డు వెంట ఎక్కడా కూర్చోకుండా నడిచింది. బండి మీద తులశమ్మని తోసిన రోడ్డే. ఆర్చి మీద అక్షరాలు ఉత్సవానికని కొత్తగా దిద్ది ఉన్నాయి. అంత చిక్కటి ఎరుపు మండలంలో ఇంకెక్కడా లేదు. స్తంభం పక్కన సాంబయ్య కూర్చుని ఉన్నాడు. అంబులెన్సు అవతలే ఉంది.

"యాడికి వదినా?"

"అవతలకి, ఆపరేషనుకి." ఆమె ఆర్చి కింద నిలబడింది. "నడిచే పోతన్నా సాంబయ్యా. నడిచే తిరిగొస్తా."

సాంబయ్య తల ఊపాడు. అతను చూస్తున్నది ఆమె కాళ్ళ వంక.

బస్సు కోసం చూస్తూ, అలవాటు చొప్పున రొంటిలోంచి బలపం తీసి కొరికింది. నమిలింది. నోట్లో అటూ ఇటూ తిప్పింది. ఏళ్ళ తరబడి అన్నం కన్నా తియ్యగా ఉన్నది, ఇప్పుడు సుద్దలాగా ఉంది. ఉత్త సుద్ద.

నాంచారమ్మ ఆర్చి స్తంభం దగ్గరికి వెళ్ళి, 'స్వాగతం' మొదలయ్యే చోట సరిగ్గా దాని కింద ఉమ్మేసింది.